ఇచ్చిన భృతిని తిరిగి తీసికొనుట

ఇచ్చినదానిని మరల తీసికొనుట మన ధర్మశాస్త్రకారులకు క్రొత్త సంగతి కాదు. మనువును నారదుడును న్యాయసభకు రాదగిన తగవులను పదునెనిమిది తెగలుగా విభజించి, దానము చేసినదానిని తిరిగి కోరుటను అందొక తెగగా నిలిపిరి. ఇచ్చినవాడు తెలివితో నిచ్చెనా, భయముచేతనో మోసముచేతనో యిచ్చెనా, పుచ్చుకొన్నవాడు అర్హుడని నమ్మి అనర్హునకిచ్చెనా యను విచారణలు నారదస్మృతియందున్నవి. అయితే ఇచ్చువాడు ప్రభుత్వమై, పుచ్చుకొనువాడు ఏండ్లతరబడి జబ్బుతో నున్న పనివాడైనప్పుడు, ఏ ప్రమాణముమీద ఇచ్చినదానిని ఆపవలెనను ప్రశ్న ఆ కాలమున పుట్టలేదు. రోగియైన పనివానికి నెలనెల భృతినిచ్చు రాజ్యము అప్పుడు లేదు గదా.

అట్టి రాజ్యము పుట్టి నూటయేబది సంవత్సరములు కూడ కాలేదు. పనివాని జీతమునుండి చందా తీసికొని, అతడు పనికి అశక్తుడైనప్పుడు భృతినిచ్చు శాసనము 1889లో జర్మనీదేశమున వచ్చినది. అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1956లో గాని రాలేదు. ఆ భృతి యెట్లు లభించెనను కథను మేమిక్కడ సంగ్రహముగానే చెప్పెదము. లభించిన తరువాత దానిని నిలుపుకొనుటకు రోగులు పడిన పాట్లే ఈ వ్యాసమునకు విషయము. అమెరికా కథనే యేల యెన్నుకొంటిమన, అందలి ప్రతి మెట్టును కోర్టు తీర్పులలోను, శాసనసభల సాక్ష్యములలోను వ్రాతలో నిలిచియున్నది. పైగా నేడు ఆ దేశమున ఉద్యోగములు చేయుచున్న మన తెలుగు కుటుంబములవారి జీతములనుండియు ఆ చందా కోయబడుచునే యున్నది. తమ జీతపు చీటీలో ఆ అంకెను చూచుచు అది దేనికో యెరుగనివారు పెక్కుమంది యుందురని మా యనుమానము.

ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు అధ్యక్షుడుగా నుండగా 1935లో వచ్చిన సోషల్ సెక్యూరిటీ శాసనము ముదుసలులకు పింఛను నిచ్చినది గాని రోగులను తలపెట్టలేదు. ఆ లోటు తీరుటకు ఇరువదియొక్క యేండ్లు పట్టినది. వైద్యుల మహాసంఘము దీనిని గట్టిగా నెదిరించినది. ముసలితనము పుట్టినతేదీనిబట్టి తెలియును. అశక్తతను దేనితో కొలుతురు? ఇది వారి వాదము. నటించువారు పెరుగుదురనియు, వైద్యుడు సర్కారు కొలువుకాడగుననియు చెప్పిరి. సెనేటులో 47 ఓట్లు అనుకూలముగాను 45 వ్యతిరేకముగాను వచ్చినవి. 1956 ఆగస్టు 1వ తేదీన అధ్యక్షుడు ఐసెన్‌హోవరు సంతకము చేసెను. మొదట ఏబది యేండ్లు నిండినవారికే యిచ్చిరి. 1960లో ఆ నిబంధన తొలగినది.

ఇది ధర్మము కాదనియు, తాను పనిచేసిన దినములలో తానే కట్టిన చందాకు ఫలమనియు చదువరులు గుర్తుంచుకొనవలెను. ఈ భేదము ముందుముందు పనికివచ్చును.

ఎవరు అశక్తులు? శాసనము ఇచ్చిన సమాధానము కఠినమైనది. తన వృత్తిని తాను చేయలేకపోయినంత మాత్రమున చాలదు. ఆదాయము తెచ్చు ఏ పనియు చేయలేకపోవలెను. 1967లో దానిని ఇంకను బిగించిరి. దేశములో ఎక్కడనో ఒకచోట ఆ రోగి చేయగల పనులు తగినన్ని యున్నచో చాలును. ఆ పని అతని యూరిలో ఉన్నదా, ఖాళీ యున్నదా, అతనిని ఎవరైన చేర్చుకొందురా యనునవి చూడనక్కరలేదు అని స్పష్టముగా వ్రాసిరి. నడుము పడిపోయిన గనికూలికి, వేయి మైళ్ల దూరమున కూర్చుండి చేయు పని యేదో కలదని చెప్పి భృతిని నిరాకరింపవచ్చునన్నమాట.

ఇట్టి శాసనమునందు విరిగిన కాలికి చోటున్నది, పోయిన కంటికి చోటున్నది. దీర్ఘవ్యాధికి చోటు దొరకుట కష్టము. అది చంపదు, మానదు. కీళ్లవాతము గలవాడు సోమవారమున చొక్కా గుండీ పెట్టుకొనలేడు. గురువారమున చెంబెడు నీళ్లు తోడగలడు. మూర్ఛరోగి మూర్ఛ లేని ఘడియలో అందరివలెనే యుండును. మనోవ్యాధి గలవాడు తాను బాగుగనే యున్నాననును, అదియే అతని రోగలక్షణము కావచ్చును. మన యిండ్లలో ఇట్టివారు లేని యిల్లు అరుదు. "మొన్న పెండ్లికి వచ్చినది, నేడు వంటయింటిలోనికి రాలేదట" అని కోడలినిగూర్చి ఆడిపోసికొనుట మనమెరుగనిది కాదు. ఆ మాటను మన పెద్దమ్మలు అన్నప్పుడు ఒక మనసు నొచ్చును. ప్రభుత్వము అన్నప్పుడు నెలజీతము పోవును.

అమెరికాలో నెలజీతముతో పోలేదు. 1972లో చేసిన సవరణచేత ఈ భృతిని ఇరువదినాలుగు నెలలు పొందినవారికి మెడికేర్ అను వైద్యభీమా కూడ లభించెను. భృతి పోయినచో క్రమముగా ఆ భీమాయు పోవును, మందులు పోవును, ఏ మందుల బలముచేత రోగి కొంత తెప్పరిల్లినట్లు కనబడెనో ఆ మందులే పోవును. తెప్పరిల్లెనను కారణముచేతనే భృతి తీసివేయుదురు గనుక, ఈ చక్రమున చిక్కినవాడు బయటపడుట యెట్లో శాసనకర్తలు ఆలోచింపలేదు.

ఆ 1972వ సంవత్సరముననే వర్జీనియా రాష్ట్రమున జార్జి ఎల్డ్రిడ్జి అను పనివానికి ఒక ప్రశ్నపత్రము వచ్చినది. వెన్నునొప్పిచేతను తీరని మనోవ్యాకులత చేతను అశక్తుడని నిర్ణయించి 1968 నుండి అతనికి భృతి నిచ్చుచుండిరి. తరువాత మధుమేహము కూడ కనబడెను. నీ స్థితి మెరుగుపడినదా యని ప్రశ్న. లేదని వ్రాసి, తన వైద్యుల పేర్లు పంపెను. అధికారులు వైద్యుల నివేదికలు తెప్పించుకొని, నీ అశక్తత తీరిపోయినదని మాకు తోచుచున్నది, చెప్పవలసినదేమైన నున్నచో వ్రాయుమని ఉత్తరము పంపిరి. అతని జవాబును సుప్రీంకోర్టు తీర్పులో సంగ్రహించి యున్నారు. నాకున్నది వెన్ను బెణుకు కాదు, వెన్నెముక వాతము అని సవరించి, నేను అశక్తుడనని తేల్చుటకు కావలసిన సాక్ష్యమంతయు మీ చేతిలోనే యున్నది అని అతడు వ్రాసెను. భృతి ఆగిపోయెను. ఆరునెలల లోపల మరల విచారింపుమని కోరవచ్చునని చెప్పిరి.

ఎల్డ్రిడ్జి అట్లు కోరక కోర్టుకెక్కెను. అతడు అడిగినది భృతిని శాశ్వతముగా నిమ్మని కాదు. ఆపుటకు ముందు నన్ను ఎదుట నిలుపుకొని నా మాట వినుడు, అనియే. బీదలకిచ్చు సహాయద్రవ్యమును ఆపుటకు ముందు అట్లు వినవలెనని 1970లో సుప్రీంకోర్టే తీర్పు చెప్పియుండెను. క్రింది రెండు కోర్టులును ఎల్డ్రిడ్జి పక్షముననే తీర్చినవి. సుప్రీంకోర్టు 1976 ఫిబ్రవరి 24న వానిని త్రోసివేసినది.

ఆ తీర్పు వ్రాసినవాడు న్యాయమూర్తి లూయిస్ పావెల్. ఆయన తర్కము నేటికిని అమెరికా న్యాయవిద్యార్థులు వల్లించునట్టిది: పోవుదానివలన మనిషికి కలుగు నష్టమెంత, పద్ధతిలో పొరపాటు జరుగుటకు అవకాశమెంత, మార్చినచో ప్రభుత్వమునకు భారమెంత అని మూడింటిని త్రాసులో వేసి తూచవలెను. అశక్తభృతి బీదతనమునుబట్టి యిచ్చునది కాదు గనుక అది ఆగినంతనే మనిషి వీధిని పడడు; వైద్యులు వ్రాసిన నివేదికలు నమ్మదగినవి గనుక కాగితములు చదివి తీర్చినను పొరపాటు అంతగా రాదు; కావున ముందు ఆపి, తరువాత వినవచ్చును. ఆపిన తరువాత విని తుదితీర్పు చెప్పుటకు ఏడాదికి పైగా పట్టుచున్నదని అదే తీర్పులో ఒప్పుకొనిరి. భృతి చందాకు ఫలమే గాని ధర్మము కాదని మేము పైని చెప్పితిమి. పనివాని గౌరవము నిలుపుటకై పుట్టిన ఆ భేదమును ఇక్కడ అతనికే యెట్లు అడ్డముగా తిప్పిరో చూడుడు.

ఇద్దరు న్యాయమూర్తులు ఒప్పుకొనలేదు. విలియం బ్రెన్నన్ వ్రాసిన చిన్న భిన్నాభిప్రాయములో థర్‌గుడ్ మార్షల్ చేరెను. భృతి ఆగినందున ఎల్డ్రిడ్జి యిల్లు తాకట్టులో పోయినదనియు, సామానులు వాయిదాలవారు పట్టుకొనిపోయిరనియు, భార్యాభర్తలును బిడ్డలును ఒకే పడకమీద పండుకొనవలసివచ్చెననియు అందు కలదు. త్రాసులో మొదటి తట్టలో వేయవలసిన బరువు అదే గదా! పావెల్ మహాశయుడు దానిని వేసి తూచెనని మాకు తోచదు.

ఈ తీర్పు ఎప్పుడు వినవలెనను విషయమును తేల్చినది. ఏమి చూపవలెనను విషయము మరియొకటి మిగిలినది, మా దృష్టిలో అదే ముఖ్యమైనది. ఒకసారి అశక్తుడని నిర్ణయించిన మనిషిని మరల పరీక్షించినప్పుడు, అప్పటికంటె అతడు మెరుగుపడెనని ప్రభుత్వము చూపవలెనా? లేక మొదటి నిర్ణయము లేనేలేనట్లు, అతడే మరల తన అశక్తతను మొదటినుండి నిరూపించుకొనవలెనా? 1970 ప్రాంతములలో సోషల్ సెక్యూరిటీ శాఖ మొదటి పద్ధతినే పాటించుచుండెను. 1976లో శాసనమేదియు మారకయే శాఖ తన పద్ధతిని మార్చుకొన్నది. నాటినుండి ఇప్పటి సాక్ష్యమును మాత్రము చూచిరి. మనిషి ఏమాత్రము మారకపోయినను, మొదటి పరీక్షాధికారి దయగలవాడై రెండవవాడు కఠినుడైనచో భృతి పోవచ్చును. పరీక్షాధికారులు మారుదురు, రోగము మారదు, ఫలితము మారును. దీనిని ఇంటిలో చదువుకొనుచున్నవారికి వింతగా తోచును గాని కచేరీలో కూర్చున్నవారికి తోచలేదు.

ప్రభుత్వపక్షమున చెప్పదగినది లేకపోలేదు. 1970లో భృతి పొందుచున్న అశక్తులైన పనివారు ఇంచుమించు 15 లక్షలు. 1978 నాటికి 29 లక్షలకు దగ్గరైరి. ఆ సొమ్ము పనిచేయుచున్నవారి చెమట. బాగుపడి పనులలో చేరియు భృతిని వదలనివారు కొందరుండిరి. పట్టికలోనికి ఒకసారి ఎక్కినవానిని మరల చూచువారే లేకపోయిరి. పరీక్షయే కూడదనువారితో మేము ఏకీభవింపము. 1980 జూన్ 9న అధ్యక్షుడు కార్టరు సంతకము చేసిన శాసనము, శాశ్వతముగా అశక్తులైనవారిని విడిచి తక్కినవారిని మూడేండ్లకొకసారి పరిశీలింపుమని ఆజ్ఞాపించినది. అది అన్యాయమని చెప్పలేము. 1982 జనవరినుండి మొదలుపెట్టుమని అందున్నది.

అధికారమునకు క్రొత్తగా వచ్చిన రీగన్ ప్రభుత్వము అంతవరకు ఆగలేదు. పట్టికలో ఐదింట ఒకవంతు మంది అనర్హులై యుండవచ్చునని కాంగ్రెసు తరఫున లెక్కలు తనిఖీచేయు కార్యాలయము 1981 మార్చిలో ఒక అంచనా ప్రకటించినది. ఆ మార్చిలోనే పరిశీలన మొదలైనది. నెలనెల వేలకొలది దస్త్రములు రాష్ట్రముల కార్యాలయములపై కుమ్మరించిరి. అమెరికాలో సొమ్ము కేంద్రముది, నిర్ణయించు గుమాస్తాలు రాష్ట్రములవారు. ఈ యేర్పాటు తరువాత కథకు ముఖ్యము. అనేకులను వారి వైద్యునికడకు గాక శాఖ కుదుర్చుకొన్న వైద్యునికడకు పంపిరి. రోగిని పదేండ్లనుండి యెరిగినవాని మాటకంటె ఒక పూట చూచినవాని కాగితమునకు విలువ హెచ్చెను. నిర్ణయించువారో, రోగి ముఖమునే చూడరు.

1981 నుండి 1984 వరకు సుమారు 4,90,000 మందికి భృతి ఆపివేయుటకు నిర్ణయించిరి. అందు సుమారు 2,00,000 మంది అప్పీలుపై తిరిగి పొందిరి. ఈ రెండవ అంకెను తొందరపడి దాటిపోరాదు. అప్పీలులో విచారణాధికారి యెదుట రోగి స్వయముగా కూర్చుండును. చేతులు వణకుట, కుర్చీనుండి లేవలేకపోవుట, ప్రశ్నకు జవాబు చెప్పుచు మరచిపోవుట ఆ అధికారి తన కంటితో చూచును. కాగితము చూచి ఆరోగ్యవంతుడన్నవానినే మనిషిని చూచి అశక్తుడనిరి. వైద్యనివేదికలు నమ్మదగినవి గనుక మనిషిని చూడనక్కరలేదని 1976లో చెప్పిన తర్కమునకు ఇంతకంటె పెద్ద జవాబు అక్కరలేదు. అయితే అప్పీలు చేయనివారి సంగతి? అప్పీలు చేయుటకు ఉత్తరము చదివి అర్థము చేసికొనవలెను, గడువు గుర్తుంచుకొనవలెను, కచేరీకి పోవలెను. ఇవన్నియు చేయగలిగినవాడే అయినచో అతడు అశక్తుడెట్లగును?

మనోవ్యాధి గలవారిపై పడిన దెబ్బ వీరందరికంటె పెద్దది. శాఖవారి వైద్యపట్టికలో ఒక వ్యాధికి వ్రాసిన లక్షణములన్నియు లేకపోయినను, ఆ మనిషి పని చేయగలడా లేడా యని విడిగా విచారింపవలెనని శాసనము. మనోవ్యాధులలో చిన్నవయసువారి విషయమున ఆ విచారణ చేయకయే, పట్టికలో పడలేదు గనుక ఏదో కూలిపని చేయగలడని ఊహించుటకు లోలోపల ఒక పద్ధతి యేర్పరచుకొనిరి. ఆ పద్ధతిని ఎక్కడను ప్రకటింపలేదు. న్యూయార్కు నగరము స్వయముగా వాదియై దీనిని బయటికి లాగినది. తమ భృతి పోయినవారు నగరపు ఆశ్రయములకును ఆసుపత్రులకును వచ్చి చేరుచుండిరి గనుక నగరమునకు అందు స్వార్థము లేకపోలేదు. స్వార్థమైన నేమి, మేలు జరిగినది. 1986లో సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా ఆ రహస్యపద్ధతిచేత నష్టపోయినవారి పక్షమున తీర్చినది. దాచిపెట్టిన పద్ధతిని ఎరుగనివారికి గడువు దాటినదని చెప్పి తలుపు మూయరాదనిరి. ఆ తీర్పు వ్రాసినవాడును ఆ లూయిస్ పావెలే. పదేండ్లలో ఆయనకు కాగితములపై నమ్మకము కొంత సడలినట్లున్నది.

ఇంత జరుగుచున్నను దేశమునకు చురుకుపుట్టించినది ఒక సైనికుని కథ. టెక్ససు రాష్ట్రమునకు చెందిన రాయ్ బెనవీడెజ్ వియత్నాం యుద్ధమున 1968 మే 2వ తేదీన, శత్రువులు చుట్టుముట్టిన తనవారిని కాపాడుటకై హెలికాప్టరునుండి దుమికి, ఆరుగంటలసేపు పోరాడి, ఎనమండుగురి ప్రాణములకు తక్కువ గాకుండ నిలిపెను. ఆయన దేహముమీద తూటా, బాయినెట్టు, గుండుపెంకుల గాయములు ముప్పదియేడు. ఆ దేశపు మహోన్నత వీరపతకమును 1981 ఫిబ్రవరి 24న అధ్యక్షుడు రీగన్ స్వహస్తముతో ఆయన మెడలో వేసెను. ఎల్డ్రిడ్జి తీర్పు వచ్చి ఆ దినమునకు సరిగా ఐదేండ్లు; ఎవరును గమనించియుండరు. రెండేండ్లు తిరిగినంతనే, పెంకుముక్కలు గుండెయందింకను నిలిచియున్న ఆ మనిషికి నీవు పనిచేయగలవు, భృతి ఆపుచున్నామని శాఖ తెలిపినది. ఆయన 1983 జూన్ మాసమున పతకము ధరించి ప్రతినిధిసభవారి సంఘము ఎదుట సాక్ష్యము చెప్పెను. తనకొరకు మాత్రమే రాలేదనియు, తనవలె నోరు తెరచుటకు అవకాశము లేనివారికొరకు వచ్చితిననియు ఆయన భావము. పత్రికలన్నియు ఎత్తి వ్రాసినవి. ఆయన భృతి నిలిచినది.

పతకము లేనివారి భృతియు అట్లే నిలువవలసినది. వీరుని కథకు కదలిన హృదయములు, వర్జీనియాలో ఒకే పడకమీద పండుకొన్న కుటుంబమునకు కదలలేదు. లోకస్వభావమిదియే కాబోలును. సంస్కరణోద్యమములు నడపువారు దీనిని నొచ్చుకొనుచునే వాడుకొందురు.

ఇంతలో ఎదురుతిరుగుట క్రింది మెట్టునుండి వచ్చినది. నిర్ణయించు గుమాస్తాలు రాష్ట్రములవారని చెప్పితిమి గదా. తమచేత తమ ప్రజలకే ఈ ఉత్తరములు వ్రాయించుట మసాచుసెట్సు, న్యూయార్కు మొదలైన రాష్ట్రముల గవర్నరులకు సహింపరానిదయ్యెను. 1983లో వారు తమ కార్యాలయములను ఈ పని మానివేయుడని ఆజ్ఞాపించిరి. కొన్నిచోట్ల కోర్టులే ఆపినవి. 1984 వచ్చుసరికి సగమునకు పైగా రాష్ట్రములలో పరిశీలన నిలిచిపోవుటో, క్రొత్త ప్రమాణముతో జరుగుటో సంభవించెను. పడమటి రాష్ట్రములపై అధికారము గల తొమ్మిదవ అప్పీలుకోర్టు, మెరుగుదల చూపనిదే భృతి ఆపరాదని తీర్చినది. శాఖవారు దానికిచ్చిన జవాబు విచిత్రమైనది: ఆ తీర్పు ఆ వాది యొక్కనికే చెల్లును, తక్కినవారి విషయమున మేము దానిని అనుసరింపము అనిరి. కోర్టుకు పోగలిగినవానికి ఒక న్యాయము, పోలేనివానికి మరియొక న్యాయము. తుదకు 1984 ఏప్రిలులో ఆ శాఖకు పైనున్న మంత్రిణి మార్గరెట్ హెక్లరు దేశమంతట భృతులు ఆపుటను నిలిపివేసెను.

సెనేటులో మిచిగనుకు చెందిన కార్ల్ లెవిన్, మెయిన్‌కు చెందిన విలియం కోహెన్ చెరియొక పక్షమువారై కలసి పనిచేసిరి. వారి ప్రయత్నమున కుదిరిన శాసనమును ఆ సెప్టెంబరులో ఉభయసభలును ఒక్క వ్యతిరేక ఓటైన లేకుండ అంగీకరించినవి. 1956లో రెండు ఓట్ల తేడాతో పుట్టిన భృతికి ఈ యేకగ్రీవము లభించుటకు ఐదులక్షలమంది కష్టము కావలసివచ్చెను. 1984 అక్టోబరు 9న రీగన్ సంతకము చేసెను.

ఆ శాసనము చెప్పునది ఇది. భృతి ఆపుటకు, మనిషి పనిచేయు శక్తికి సంబంధించి అతని రోగస్థితి మెరుగుపడినట్లు గట్టి సాక్ష్యము కావలెను. మొదటి నిర్ణయము మోసముచేత వచ్చినదైనను, పొరపాటని సాక్ష్యముచేత తేలినను, క్రొత్త చికిత్సచేత పనిశక్తి వచ్చినను, రోగి పరీక్షకు సహకరింపకపోయినను వేరుమాట. అయితే ఒకసారి అశక్తుడన్నాము గనుక ఇప్పుడును అశక్తుడే యని ముందుగా భావింపరాదు, కాదనియు భావింపరాదు. త్రాసు సమముగా పట్టుకొని చూడుమని కూడ వ్రాసిరి. ఇది రోగులపక్షమువారు కోరినంత కాదు. మరియొక వాక్యము మాకు దీనికంటె విలువైనదిగా కనబడుచున్నది. అనేకరోగములు గలవానికి ఒక్కొక్కదానిని విడిగా తీసి ఇది పెద్దది కాదు, అది పెద్దది కాదు అని త్రోసివేయక, అన్నియు కలసి అతనిని ఏమి చేయుచున్నవో చూడవలెనని అందున్నది. వెన్నునొప్పి, మనోవ్యాకులత, మధుమేహము మూడును ఒక్క దేహమునందే యుండునని శాసనము గుర్తించుటకు ఎల్డ్రిడ్జి ప్రశ్నపత్రము పూర్తిచేసిన తరువాత పండ్రెండేండ్లు పట్టినది.

నేటి పద్ధతిలో, బాగుపడుదురని ఆశ యున్నవారిని ఆరునుండి పదునెనిమిది నెలలలోను, చెప్పలేనివారిని సుమారు మూడేండ్లకును, ఆశ లేనివారిని ఐదునుండి యేడేండ్లకును మరల చూచుచున్నారు. భృతి ఆపుచున్నామను ఉత్తరము వచ్చినచో అప్పీలుకు అరువది దినముల గడువు. అప్పీలు తేలువరకు భృతి రావలెనన్నచో మాత్రము పది దినములలో కోరవలెను. ఓడినచో ఆ సొమ్ము తిరిగి చెల్లింపుమని అడుగవచ్చును. తపాలాకు ఐదు దినములు కలుపుకొన్నను పదునైదే. వ్యాధి ముదిరిన వారములో ఆ కవరు వచ్చినయెడల దానిని చింపి చదువువారు ఇంటిలో మరియొకరుండవలెను. ఒంటరిగా బ్రదుకువారి సంగతి ఆ అంకె వ్రాసినవారికి తట్టలేదు.

పని చేయుటకు ప్రయత్నించుటయు ఒక భయమే. 2025లో నెలకు 1,620 డాలర్లకు మించి సంపాదించినవానిని, అంధులు తప్ప, సామాన్యముగా అశక్తుడుగా లెక్కింపరు. తొమ్మిది నెలలు పనిచేసి చూచుకొనుటకు 1960 నుండియు వీలు కలదు. మంచిదినములలో పనికి పోయి చెడ్డదినములలో పడిపోవు దీర్ఘరోగికి ఆ తొమ్మిది నెలలు నిశ్చింతగా గడువవు. పని చేసినది సాక్ష్యమగునేమోయని భయపడి, చేయగలిగిన కొంచెమును చేయక కూర్చుండువారు కలరు. వారిని సోమరులనుట సులభము. 1999 డిసెంబరులో చేసిన శాసనముచేత, పనికి పోయి భృతి వదలుకొన్నవాడు ఐదేండ్లలో మరల అదే వ్యాధిచేత పడిపోయినచో క్రొత్త దరఖాస్తు లేకయే తిరిగి పొందు మార్గము కల్పించిరి. ఆ పథకమున చేరి పనికి ప్రయత్నించుచున్నంతకాలము వైద్యపరిశీలన పెట్టరాదనియు నియమించిరి. తిరిగి వచ్చుటకు తలుపు తెరచియున్నచో గాని మనిషి గడప దాటడని తెలిసికొనుటకు ఇంతకాలము పట్టినది.

మన దేశమున ఈ భృతికి ఇట్టి చరిత్ర లేదు. ఇక్కడ అది చందాకు ఫలము కాదు, ప్రభుత్వము ఇచ్చు పింఛను. నూటికి నలుబది వంతుల వైకల్యమున్నదని వైద్యులు ధ్రువపత్రము నీయవలెను. ఆ శాతముచేత కాలినో కంటినో కొలుచుట కొంత సులభము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము వైకల్యములను ఇరువదియొకటిగా పెంచి, మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్ వ్యాధి, హీమోఫీలియా, తలసీమియా, సికిల్ సెల్ వంటి దీర్ఘవ్యాధులను చేర్చిన తరువాత ఆ కొలత చిక్కైనది. రక్తము గడ్డకట్టని బాలునికి గాయము తగులని దినమున ఎంత శాతము?

ఆంధ్రప్రదేశమున 2024లో వికలాంగుల పింఛను నెలకు ఆరువేల రూపాయలు చేసిరి. పూర్తిగా మంచముపట్టినవారికి పదునైదువేలు. సొమ్ము పెరిగినప్పుడు దొంగపత్రములు పెరిగినవను మాటయు పెరిగినది, అది అంతయు అబద్ధమని మేమనము. 2025లో పింఛనుదారులను మరల పరీక్షించిరి. మంచముపట్టినవారి యిండ్లకు వైద్యులు పోయిరి. తక్కినవారిని ఆసుపత్రులకు పిలిచిరి. నలుబది శాతమునకు తగ్గినదనియు, ఇతర కారణములచేతను ఆగస్టులో చాలమందికి నోటీసులు పోయినవి. పూర్వము వైద్యులే ఇచ్చిన పత్రము చేతబట్టుకొని, నా కాలు అప్పుడెట్లుండెనో ఇప్పుడు నట్లే యున్నది, శాతమెట్లు తగ్గినదని అడిగినవారికి సమాధానము చెప్పుట కచేరీలవారికి కష్టమయ్యెను. అలజడి పుట్టిన పిమ్మట ప్రభుత్వము అప్పీలుకు అవకాశమిచ్చి, అప్పీలు చేసికొన్నవారికి పింఛను నిచ్చుచునే మరల పరీక్షింతుమని చెప్పినది. ముందు విని తరువాత ఆపుడని వర్జీనియాలో ఎల్డ్రిడ్జి అడిగినదియు ఇంతమాత్రమే.